క్రిములు కప్పుకున్న గంజి

ఆదోనిలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్లు చీము, కఫం, రక్తం, ఉచ్చ చూశాను. మోకాళ్లూ కళ్లూ ఒకేసారి మొరాయించడంతో గడువుకు ముందే బయటికి వచ్చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి, "మేడం, ఏం చదవాలి?" అని అడుగుతుంటారు. ఏం చదవాలో పుస్తకాల షాపువాడైనా చెబుతాడు. ఏం చూడాలో, ఎవరితో పోట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవడం తప్పో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఏ గ్రేడు ఎప్పుడు వచ్చింది, నా ఫైలు ఎవరు తొక్కిపెట్టారు అనే పురాణం ఇందులో వెతకొద్దు.

ఉమ్ముకు రిపోర్టు

నేను చదివింది రసాయన శాస్త్రం. డిగ్రీలో పాలిమర్ల పాఠమంటే ప్రాణం. చిన్న చిన్న అణువులు వేలకొద్దీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసు కడితే అదే పాలిమరు. పత్తి పోగు, అన్నం గంజి, ప్లాస్టిక్ బకెట్టు, అన్నీ ఆ గొలుసులే. పైచదువు కుదరక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి చీము ముందు కూర్చున్నాను. మొదటి నెలంతా ఏడుపే. తరువాత గమనించాను, క్రిములను పెంచడానికి మేము వాడే అగర్ అనే జెల్లీ కూడా సముద్రపు నాచులోంచి తీసిన పాలిమరే. పళ్లెంలో ఆ జెల్లీ పోసి, దూదిపుల్లతో గాయం నుంచి తీసిన తడిని దాని మీద గీసి, వెచ్చని పెట్టెలో ఒక రోజు ఉంచుతాం. క్రిములుంటే చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఏ చుక్క ఏ మందుకు చస్తుందో చూసి రాస్తాం. పని మొత్తం ఇంతే. ఇంతేగా అనుకున్నవాళ్లే దాన్ని ఎక్కువ చెడగొడతారు.

నా మొదటి పైఅధికారి ఒక డాక్టరమ్మ. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. చేరిన కొత్తలో ఒక రోజు నా రిపోర్టు పట్టుకుని వచ్చింది.

"ఇది కఫమా, ఉమ్మా?"

"ఉమ్మే మేడం."

"మరి రిపోర్టు ఎందుకు రాశావు?"

"శాంపిల్ వచ్చింది కదా మేడం."

"రేపు ఎవరైనా కుళాయి నీళ్లు తెచ్చిస్తే దానికీ రాస్తావా?"

ఆ రోజు ఆవిడను మనసులో తిట్టుకున్నాను. కానీ ఈ ఉద్యోగంలో నాకు దొరికిన మంచి పాఠం అదే. ప్లేటు మీద ఏం పెరిగిందో చూసేముందు, ప్లేటు దాకా ఏం వచ్చిందో కనుక్కోవాలి. ఇరవై ఏళ్లు అది పాటించాను. ఆ తరువాత అనుభవం ఎక్కువై మరిచిపోయాను. అనుభవం ఎక్కువైతే వచ్చే జబ్బు అది, మీకూ వస్తుంది.

మూడుసార్లు "పెరగలేదు"

నేను అన్నిటికన్నా భయపడే మాట "క్రిములు పెరగలేదు". ఏదైనా భయంకరమైన క్రిమి పేరు రాస్తే డాక్టరు పరిగెత్తుకొస్తాడు. పెరగలేదని రాస్తే అందరూ హాయిగా ఫైలు మూసేస్తారు. ఆ మాటకు అర్థం మన ప్లేటు మీద పెరగలేదని, అంతవరకే. రోగి మందుల షాపులో అడిగి నాలుగు రోజులు మాత్రలు మింగి వచ్చి ఉండొచ్చు. మన వైపు ఒళ్లు వెచ్చబడిన ప్రతివాడూ ముందు షాపుకే పోతాడు, ఆ షాపతను డాక్టరుకన్నా ధైర్యంగా మందిస్తాడు. శాంపిల్ దారిలో ఎండిపోయి ఉండొచ్చు. ఇంకా మనం ఊహించనిది ఏదైనా జరిగి ఉండొచ్చు.

నింగమ్మది ఎమ్మిగనూరు. నేతపని వాళ్లది. నాకన్నా అయిదారేళ్లు పెద్ద. భర్త ఈరన్నకు చూపు మందగించి పోగులు కనబడవు. ఆయన గంజి పెట్టడం, కండెలు చుట్టడం చూసుకుంటే, గుంట మగ్గంలో కూర్చుని నేసేది ఆమె. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అడుగున ఉన్న చెక్కలను ఒకదాని తరువాత ఒకటి తొక్కుతుండాలి. ఆ చెక్కకు లేచిన చీలిక కుడికాలి చిటికెన వేలి కింద గీసుకుంది. షుగరు మనిషి, కాలికి స్పర్శ తక్కువ, పట్టించుకోలేదు. నాలుగు నెలలకు అది రూపాయి బిళ్లంత పుండు.

మొదటిసారి వచ్చినప్పుడు కట్టు విప్పి చూసి ఆశ్చర్యపోయాను. పుండు తళతళలాడుతోంది. పక్క బెంచీ మీద మురికి కట్టుతో కూర్చున్న ఒకాయనకు వినబడేలా, "ఇంత శుభ్రంగా వచ్చేవాళ్లను నేను చూడలేదక్కా" అన్నాను. ఆమె ముఖం వెలిగింది. దూదిపుల్లతో శాంపిల్ తీసుకున్నాను. పెరగలేదు. మూడు వారాలకు మళ్లీ తీసుకున్నాను. పెరగలేదు. మూడోసారి, కట్టు విప్పుతుంటే వేళ్ల సందున లేత పచ్చరంగు మరక, బాగా మగ్గిన ద్రాక్షపళ్లలాంటి తియ్యటి వాసన. క్రిములు పెంచే కల్చర్ గదిలో పనిచేసినవాళ్లకు ఆ వాసన ఏ క్రిమిదో తెలుసు. ప్లేటు మాత్రం మళ్లీ ఖాళీ. నా ముక్కు ఒకటి చెప్పింది, ప్లేటు ఇంకొకటి చెప్పింది. నేను ప్లేటు మాట రాసి సంతకం పెట్టాను. ముక్కు మాట ఎవరికీ చెప్పలేదు.

వారం తిరక్కుండా మా సర్జన్ కారిడార్లో కనిపించాడు. కోస్తా నుంచి వచ్చినవాడు, చేతిపని మంచిది, వినే ఓపికే తక్కువ.

"ఆ నేతావిడకి పాదం తీసేయడమే మంచిదండీ. కర్నూలుకి రాసిచ్చాను. గురువారం చేరమన్నాను."

"రక్తప్రసరణ బాగాలేదా సార్?"

"బానే ఉంది."

"రక్తం బానే అందుతూ, క్రిమీ లేకపోతే పుండెందుకు మానదు?"

"అది నన్నడుగుతారేంటండీ? క్రిమి లేదని మూడుసార్లు సంతకం పెట్టింది మీరు."

ల్యాబుకు పోయి ఆ మూడు రిపోర్టులూ మళ్లీ తీసి చూశాను.

ఆ మధ్యాహ్నమే మొగుడూ పెళ్లాలు రిపోర్టుల నకళ్ల కోసం ల్యాబుకు వచ్చారు. నింగమ్మ ఏడవలేదు. లెక్క తేలనివాళ్లు అడిగినట్టు అడిగింది.

"కాలు తీసినంక మగ్గం గుంటలో యాం తొక్కేదమ్మా? రెండు కాళ్లుంటేనే కదా పోగు లేసేది, దిగేది. ఈయప్పకు సూపు లేదు, నాకు కాలు లేదు. ఇద్దరూ సేరి ఒక మనిషి కూడా కాము."

"నువ్వు సగం, నేను సగం, సరిపోతాదిలే" అన్నాడు ఈరన్న. ఆయన చేతిసంచి బెంచీ మీద పెడుతుంటే సీసా చప్పుడైంది.

"ఆ సీసా ఏందన్నా?"

"కడిగే మందమ్మా. బస్టాండు కొళాయి కాడ కడిగించి పిల్సుకొచ్చినా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. వచ్చినప్పుడల్లా అంతే కదా."

నింగమ్మ అందుకుంది. "పెద్దాసుపత్రికి వాసన కొట్టుకుంటా వస్తే బాగుంటదామ్మా? నలుగురు సదువుకున్నోళ్లు తిరిగే సోటు. బస్సు దిగినంక ఈ మందుతో రుద్ది, కొత్త గుడ్డ కట్టుకోని వస్తాము. మొదటిసారి నువ్వే కదా మెచ్చుకుంటివి, ఇంత శుభ్రంగా ఎవురూ రారని. ఆ పొద్దు నుంచి ఇంగా బాగ రుద్దుకుంటాండా."

నేను మాత్రల గురించి అడిగాను, షుగరు గురించి అడిగాను. ఇంటి నుంచి నా బల్ల దాకా ఆ కాలికి ఏం జరిగిందో అడగలేదు. క్రిములను చంపే మందుతో రుద్దిన పది నిమిషాలకు నేను దూదిపుల్ల పెడుతున్నాను. పుల్లకు అంటింది ఆ మందే. ఆ మూడు ప్లేట్లు నింగమ్మ పుండు గురించి ఏమీ చెప్పలేదు. సీసాలో మందు మంచిదని చెప్పాయి. పైగా రెండోసారి, మూడోసారి ఆమె అంత గట్టిగా రుద్దుకోవడానికి కారణం నా మెచ్చుకోలు.

నేరుగా సర్జన్ గదికి పోయాను. "ఆ మూడు రిపోర్టులు లెక్కలోకి తీసుకోవద్దు సార్. తప్పు నాది."

"అది రాసిస్తారా?"

"రాసిస్తాను."

ఆయనతో నేను పోట్లాడని విషయం లేదు. కానీ ఆ రోజు ఆయన ఒక్క మాట దెప్పలేదు. పదిరోజులు గడువిచ్చాడు. పుండుకు వాడుతున్న మాత్రలు ఆపాలి, మందునీళ్లు వద్దు, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతోనే కడగాలి, ఆ తరువాత తానే పుండును లోపలిదాకా గీకి ముక్క తీసి ఇస్తాడు. "జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా అదే రోజు రావాలి. అప్పుడిక నేనాగను" అన్నాడు.

ఈ మాట చెబితే నింగమ్మ నా మీద లేచింది. "నిన్న తీస్తామంటిరి, ఈ పొద్దు గీకుతామంటారు. రేపు ఏమంటారు? పుండులో కత్తి పెడితే ఇంగా పెద్దదయితాది. మీకే తెల్దు యాం సేయాల్నో." ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏముంది? ఏమీ ఒప్పుకోకుండానే బస్సెక్కి వెళ్లిపోయింది.

ఈరన్న వీధిలో

ఆదివారం పొద్దున్నే ఎమ్మిగనూరు పోయాను. రోగి ఇంటికి పోవడం మా పనిలో లేదు. పోకూడదనే కొందరంటారు. నేను చేసిన తప్పు ఆసుపత్రిలో కూర్చుంటే దిద్దుబాటు కాదనిపించింది.

వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాగదీసి కట్టి ఉంది. ఈరన్న పెద్ద కుంచెతో గంజి పట్టిస్తున్నాడు. కళ్లతో కాదు, వేళ్లతో చూసుకుంటున్నాడు. ఎక్కడ గంజి ఎక్కువైందో, ఎక్కడ తగ్గిందో పోగు మీద వేలు జార్చి చెప్పేస్తాడు. నింగమ్మ గడపలో కాలు చాపుకుని కూర్చుని ఉంది.

"గంజి దేనికన్నా ఇంత పనిగా?" అన్నాను, తెలిసే.

"గంజి లేకుంటే పోగు నాలుగు దెబ్బలకే తెగుతాదమ్మా. ఇది దానికి సొక్కా. మగ్గం మీద ఎంత రాపిడైనా తట్టుకుంటాది."

"మరి రంగు అద్దాలంటే?"

నింగమ్మకు నా తెలివితక్కువతనం చూసి ఓపిక పోయింది. "గంజి మీద రంగు యాడ పట్టుకుంటాది? జారిపోతాది. మొదలు గంజి తియ్యల్ల. ఊరికే నీళ్లు సల్లితే పోదు. నానేసి, పిసికి, బండకేసి బాదితేనే వదిలేది."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "అక్కా, నీ పుండులో క్రిములూ అదే పని చేస్తాండాయి" అన్నాను. మా వైపు పలుకు నాకు కోపం వచ్చినప్పుడూ, నిజం చెప్పాల్సి వచ్చినప్పుడూ దానంతటదే వస్తుంది. క్రిమి ఒంటరిగా ఉన్నప్పుడు మందుకు చస్తుంది. అవన్నీ ఒకచోట చేరితే తమ చుట్టూ జిగురు కట్టుకుంటాయి. ఆ జిగురులో ఉండేవి గంజిలో ఉన్నలాంటి గొలుసులే. దాన్ని కప్పుకుని లోపల కూర్చుంటే, పై నుంచి రుద్దిన మందు పైవరసను చంపుతుంది, లోపలివి మళ్లీ లేస్తాయి. మింగిన మాత్రా వాటి దాకా సరిగా చేరదు. పైన తళతళ, కింద కాపురం.

ఆమె పడుగు వైపు చూసింది.

"అంటే నేను రుద్దిందంతా గంజి మీద రంగు అద్దినట్ల."

"అంతే."

"గీకేది బండకేసి బాదినట్ల."

"అంతే అక్కా."

"ఈ మాట ఆసుపత్రిలోనే సెప్పింటే నీ బస్సు సార్జీ మిగిలేది కదా" అంది. తరువాత వీధిలో ఉన్న ఈరన్న వైపు తిరిగి, "యాందప్పా, ఆ సీసా ఇంగ ముట్టుకోవాకు. ఉప్పునీళ్లు కాగబెట్టు" అని కేకేసింది.

పిల్లలూ, మీరు పుస్తకంలో బయోఫిల్మ్ అని చదివేది ఇదే. పాతికేళ్లు ఆ పదం వాడుతూ, దాన్ని ఒక మనిషికి అర్థమయ్యేలా ఒక్కసారీ చెప్పలేదు నేను. చెప్పి ఉంటే సీసా సంగతి మొదటి రోజే బయటపడేది.

ఆ తరువాత

పదో రోజున నింగమ్మ వచ్చింది, కట్టు నుంచి వాసన వస్తుంటే తలవంచుకుని. నలుగురి మధ్య అలా కూర్చోవడం ఆమెకు కత్తికన్నా కష్టమైంది. సర్జన్ లోపలి నుంచి తీసిన గింజంత ముక్క నా ప్లేటు మీదికి వచ్చింది. మరునాడు పెట్టె తెరిస్తే ప్లేటు నిండా పచ్చటి పూత, అదే మగ్గిన ద్రాక్షల వాసన. నా ఉద్యోగంలో క్రిములను చూసి సంతోషపడింది ఆ ఒక్కరోజే. వాడుతూ వచ్చిన మాత్ర దాన్ని ఏమీ చేయలేదు. వేరే మందు ఒకటి దాన్ని చంపింది, ఆ మందును సూదిగా ఇవ్వాలి. ఎముకలోకి పాకిన చిటికెన వేలు తీయాల్సి వచ్చింది. పాదం ఉంచవచ్చన్నాడు సర్జన్. కర్నూలు కాగితం ఆయనే చింపాడు.

గీకిన గాయం మీద పొడి గుడ్డ బదులు జెల్ పలక పెట్టాడు. నీటిని పట్టి ఉంచే పాలిమరు అది, లోపల కొంచెం వెండి మందు ఉంటుంది. దాన్ని అమ్మడానికి వచ్చే కుర్రాళ్లతో నాకు పాత తగాదా. ఏ పుండైనా మానుతుందని చెబుతారు. మానదు. చచ్చిన కండను గీకకుండా, షుగరును అదుపులో పెట్టకుండా, కాలి మీద బరువు తగ్గించకుండా ఏ జెల్లూ ఏమీ చేయదు. అవన్నీ చేశాక మాత్రం గాయాన్ని ఎండిపోకుండా, నానిపోకుండా ఉంచుతుంది, విప్పేటప్పుడు కొత్త చర్మాన్ని పీకదు. ఈరన్న దాన్ని వేళ్లతో తడిమి, "ఇదీ గంజే కదమ్మా, సిక్కంగ కాసినారు" అన్నాడు. రసాయన శాస్త్రం చదివినవాళ్లలో ఇంత సూటిగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

రాబోతున్నవి

ఈ మధ్య తీరిక దొరికి కొత్త పరిశోధనలు చదువుతున్నాను. సగం అర్థం కాదు, అర్థమైన సగం నిద్ర పోగొడుతుంది. మూత్రం గొట్టాల మీద, ఎముకల్లో వేసే కడ్డీల మీద పూసే పాలిమర్లు వస్తున్నాయి. అవి నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే క్రిమికి ఆనుకునే చోటే దొరకదు. ఆనుకోకపోతే జిగురు కట్టేదేమిటి? ఇంకొన్ని గొలుసుల మీద ధన విద్యుదావేశం ఉంటుంది. క్రిమి పైపొర మీద ఉండేది రుణావేశం. ఇవి పోయి అంటుకుని ఆ పొరను చీలుస్తాయి. అలాంటి దెబ్బకు అలవాటు పడడం క్రిమికి మామూలు మందుకు అలవాటు పడినంత సులువు కాదని ఆశ. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ ఆ జాతిదే. పుండులో క్రిములు పెరిగి ఆమ్లత్వం మారితేనే మందు వదిలే జెల్లులు, రంగు మారి చూపించే కట్టులు, క్రిముల జిగురును కత్తిరించే ఎంజైములు కూడా వస్తున్నాయి. ఆ చివరిదాన్ని చదివినప్పుడు, గంజి బట్టను నానేసేది ఇందుకే కదా అని నవ్వొచ్చింది.

ఫోన్లో ఇలాంటివి పంపి, ఇక క్రిముల పని అయిపోయిందని రాసేవాళ్లను నమ్మకండి. ఇందులో చాలా భాగం ఇంకా గాజు పళ్లెంలోనూ, ఎలుకల మీదా ఉంది. ఎలుక నుంచి ఎమ్మిగనూరుకు బస్సు లేదు. పళ్లెంలో చంపింది మనిషి గాయంలో చంపకపోవచ్చు, క్రిమిని చీల్చేది మన కణాన్నీ చీల్చవచ్చు. అయినా నేను చేరిన రోజుల్లో మానని కాలికి మా దగ్గరున్న జవాబు రంపమే. ఈ రోజు జవాబులు వరసకట్టి ఉన్నాయి. అవి మన ఊరికి చేరే నాటికి ల్యాబులో మీరుంటారు. ఎంత గొప్ప కట్టు వచ్చినా, దాని కింద ఏముందో, దాన్ని కట్టుకున్న మనిషి దారిలో ఏం చేసిందో అడగాల్సింది మీరే.

మళ్లీ తొక్కడం

నింగమ్మ పుండు మూసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి పోయింది. ఒకసారి డాక్టరుకు చెప్పకుండా మగ్గంలోకి దిగి, నా చేతిలో తిట్లు తిని, తిరిగి నన్నే తిట్టింది. చిటికెన వేలు లేని పాదం చెక్క మీద నిలవకుండా జారుతుంటే ఈరన్న దాని బదులు వెడల్పాటి చెక్కను చిత్రిక పట్టించి వేయించాడు. దాని మీద మెత్తటి గుడ్డ చుట్టాడు.

నేను ఉద్యోగం మానేసిన నెలకు ఆమె ఆదోని వచ్చి మా ఇంటి తలుపు తట్టింది. నేత చీర కట్టుకుని ఉంది, ముదురు ఎరుపు మీద నల్ల అంచు. కాలు చూపించమన్నాను. చూపించింది. గట్టిపడిన చర్మం, గీత లేదు, తడి లేదు. వేలితో నొక్కి చూశాను.

"కాలు సూసింది సాలు. సీర సూడు" అంది. "మళ్లా కూసున్నంక నేసిన మొదటిది. ఎవురికీ ఇయ్యలేదు."

కొంగు నా చేతికిచ్చి, ఒడిలో ఉన్న మిగతా బట్ట కూడా పైకి లాగింది. ఒక చోట జానెడు మేర నేత వదులుగా ఉంది. వెలుతురుకు పట్టుకుంటే నా వేళ్లు కనిపించాయి.

"ఈడ కాలు ఇంగా నేర్సుకుంటాండె" అంది. "తొక్కు ఒకటి బరువు, ఒకటి తేలిక. విప్పి మళ్లా నేస్తానంటే ఆయప్ప వద్దనె."

నేను ఆ జానెడు దాటి బట్టను వేళ్ల మధ్య జార్చుకుంటూ పోయాను. ఆ తరువాత కొంగు చివరిదాకా నేత బిగువుగా ఉంది.